ఎడమ చెవి పక్క సీటు

కదిలింది, కదిలింది అని లోలోపల చప్పట్లు కొట్టేలోపే ముందున్న నీలం వ్యాను మళ్ళీ ఆగిపోయింది, దాని వెనక వీళ్ళ కారూ ఆగిపోయింది, కదిలింది మహా అయితే ఒక మంచం పొడుగు, అయినా ఆ మంచం పొడుగు మేర జలపాతానికి దగ్గరయ్యామా లేదా, అయ్యాం, అందుకని ఆమెకి మళ్ళీ నవ్వొచ్చింది. పెళ్ళయినప్పటి నుంచి ఈ నవ్వు ఒక జబ్బులా పట్టుకుంది. పాలు పొంగి పొయ్యి మీద పడితే నవ్వు, తాళంచెవి లోపలే మర్చిపోయి తలుపు లాగేసుకుంటే నవ్వు, ఇప్పుడు సరిహద్దు దగ్గర మండే ఎండలో కార్ల బారు మధ్య ఇరుక్కుంటే కూడా నవ్వే. వంతెనకి ఇవతల ఒక దేశం, అవతల ఇంకో దేశం, మధ్యలో లోయ, ఆ లోయలో ఎక్కడో జలపాతం. వంతెన దాటి మలుపు తిరిగితే గాని కనపడదట. దాని పొగ మాత్రం చెట్ల నెత్తిమీంచి తెల్లగా లేస్తోంది, ఆకాశంలో ఎవరో పెద్ద గుండిగతో నీళ్ళు కాస్తున్నట్టు. మోత సంగతి అతనే ముందు కనిపెట్టాడు. ఇంజను ఆపేసి, స్టీరింగు మీద అరచెయ్యి పరిచి, "వచ్చేసింది, ఇదిగో, చెయ్యి పెట్టి చూడు" అన్నాడు. ఆమె పెట్టింది. ఇంజను ఆగి ఉంది, అయినా స్టీరింగు సన్నగా వణుకుతోంది, ఒళ్ళో పడుకున్న పిల్లి గురగురలా. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఎక్కడ ఏ పుల్లీ అరిగిందో చెవితో కాదు, చేత్తో వింటాడు. ఆ చెయ్యి పక్కన తన చెయ్యి అలాగే ఉంచేసింది, జలపాతం కోసమే అన్నట్టు.

"చేతులు పట్టుకుంటే పట్టుకున్నారు గాని, ముందు ఇవి తినండి" అంది వెనక సీటులోంచి అత్తయ్య. అత్తయ్య అంటే అతని పిన్ని. అతనికి ఊహ తెలియకముందే వాళ్ళమ్మ పోతే, పెంచి పెద్దచేసింది ఈవిడే. ఒళ్ళో సంచీడు కమలాపండ్లు. సంచీ సగానికి పైగా ఉండగా ఆ బోర్డు కనపడింది, పళ్ళూ మొక్కలూ విత్తనాలూ సరిహద్దు దాటకూడదని. "పారేస్తే చెట్టు ఉసురు తగలదూ! గేటు దగ్గరికి వెళ్ళేలోపు అవగొట్టేద్దాం" అని అప్పటి నుంచి ఒలవడమే పని. ఒలిచి, నారలు తీసి, గింజలు తీసి, చిన్నపిల్లలకి పెట్టినట్టు ఇద్దరి భుజాల మధ్యలోంచి చెయ్యి జాపుతోంది. ముందున్న నీలం వ్యాను వాళ్ళకి నాలుగిచ్చింది, వెనకున్న వాళ్ళకి నాలుగిచ్చింది, అయినా సంచీ తరగట్లేదు. కారంతా కమలా తొక్కల వాసన, ఆమె వేళ్ళకీ అతని చొక్కాకీ అదే వాసన. పెళ్ళి తర్వాత మొదటి ప్రయాణం వాసన ఎలా ఉంటుందని రేపెవరైనా అడిగితే ఇలా ఉంటుందని చెప్పాలి. అత్తయ్య రావడం కూడా ఆమె నెత్తిన ఆమె వేసుకున్నదే. బయలుదేరే ముందు గుమ్మంలో అతను మాటవరసకి "నువ్వూ వస్తావా పిన్నీ?" అన్నాడు, "కొత్తగా పెళ్ళైనవాళ్ళు, మధ్యలో నేనెందుకురా పొట్టోడా" అని ఆవిడ పద్ధతిగానే అంది, అక్కడితో ఊరుకోవచ్చు కదా, ఊరుకోకుండా ఈమె "మీరు రాకపోతే మేమూ వెళ్ళం అత్తయ్యా" అనేసింది. మర్యాదకి పిలిస్తే మంచమెక్కి కూర్చున్నట్టు, "అంతగా అడుగుతుంటే..." అంటూ ఆవిడ తలుపు వెనక నుంచి సర్దిపెట్టిన సంచీ తీసింది. సర్ది ఉంది! కమలాపండ్లతో సహా! తలుచుకుంటే మళ్ళీ నవ్వు. పొట్టోడా అని పిలవడం ఇంకో నవ్వు, ఎందుకంటే అతని తల కారు కప్పుకి ఆనుతుంది, గతుకు వస్తే మెడ వంచుకోవాలి. ఆరేళ్ళప్పుడు పెట్టిన పేరు అరవై ఏళ్ళొచ్చినా పోదు కాబోలు.

ఆమె కూర్చున్నది అతనికి ఎడమ పక్క, అంటే వినపడని పక్క. ఆ చెవి చిన్నప్పటి జ్వరంలో పోయింది. ఆ సంగతి మొదట తెలియక ఎంత గొడవైంది! ఆమె కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్షిస్తుంది, చదువుకున్నది కూడా అదే. తలనొప్పి అని ఒక పొడుగు మనిషి వచ్చాడు. చీకటి గదిలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, ఎడమ పక్క నిలబడి అద్దాలు మారుస్తూ "ఇది నయమా? ఇది నయమా?" అని అడుగుతుంటే ఉలకడు పలకడు. అబ్బో, ఏం పొగరు, బెల్లం కొట్టిన రాయి అనుకుంది. గట్టిగా అడిగితే మొహమంతా ఇటు తిప్పి, "ఏమనుకోకండి, చీకట్లో మీ పెదాలు కనపడట్లేదు" అన్నాడు. ఆ మాటకి ఆమె ఒళ్ళు మండిపోయింది, "ఏమిటండీ మీ ఉద్దేశం?" అని దీపం వేసేసింది. వెలుగులో అతని మొహం చూస్తే పాపం, చెవి పట్టుకుని చూపిస్తున్నాడు, ఇది పనిచెయ్యదండీ, అందుకని మాట్లాడేవాళ్ళ పెదాలు చూసి సగం చదువుకుంటానండీ అని. సిగ్గుతో చచ్చిపోయింది. కళ్ళు మాత్రం ఏం కళ్ళు! గోడ మీది అక్షరాల్లో ఆఖరి వరస చదివేశాడు, ఆ కిందనున్నదేదో కూడా చదివాడు. ఏమిటా అని దగ్గరికెళ్ళి చూస్తే అది ఆ చార్టు అచ్చేసిన ప్రెస్సు పేరు, అన్నేళ్ళుగా ఆమె కంటికే ఆనలేదు. కళ్ళజోడు అక్కర్లేదు పొమ్మంటే పోకుండా చలవ కళ్ళజోడు కావాలన్నాడు. పెట్టుకుని చూసుకోమని అద్దం ఇచ్చి వెనక నిలబడితే, అద్దంలో తనని తాను చూసుకోలేదు, ఆమెనే చూశాడు, అద్దంలో చూపు చూపూ తగిలి ఆమె చేతిలో ఉన్న డబ్బా కింద పడింది. ఆ తర్వాత కళ్ళజోడు తుడిచే గుడ్డ కోసం ఒకసారి, మర మేకు వదులైందని ఒకసారి. ఆ మేకు అతనే వదులుచేసుకుని వచ్చాడని పెళ్ళయ్యాక గాని చెప్పలేదు. లిఫ్టులు బిగించేవాడికి కళ్ళజోడు మేకు బిగించుకోవడం రాదా, ఆమెకి అప్పుడే తోచొద్దూ!

ఇంట్లో అయితే ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది, ప్రతి మాటా అతను చూసి, విని, రెండు రకాలుగా పట్టుకుంటాడు. కారులో అలా కాదు. కారులో అతను రోడ్డు చూస్తాడు, ఎడమ చెవి ఇటు ఉంటుంది, కాబట్టి కారు ఆమె రాజ్యం. మొదట్లో మర్చిపోయి మాట్లాడేది. తర్వాత కావాలనే మాట్లాడటం మొదలుపెట్టింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషికి ఇంతకంటే ఏం కావాలి. మొగుడు పక్కనే ఉంటాడు, గొంతు తగ్గించి ఏమైనా అనొచ్చు, ఏమీ వినపడదు! ఇంట్లో 'ఏమండీ, మీరు' అనే నోరు ఇక్కడ 'ఒరేయ్ పొట్టోడా' అంటుంది. ఒరేయ్ పొట్టోడా, ఇవాళ షాపులో ఒకావిడ కుక్కకి కళ్ళజోడు అడిగిందిరా. ఒరేయ్ పొట్టోడా, నువ్వు చేసే టీ కడిగిన గిన్నె నీళ్ళలా ఉంటుందిరా, అయినా తాగుతున్నాను చూడు, అదిరా ప్రేమంటే. ఒరేయ్, చలవ కళ్ళజోడు తియ్యి, నీ కళ్ళు కనపడట్లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే ఇదే కాబోలు అనుకుని నాలిక కరుచుకుంటుంది, కాని ఆ సామెతలో చెవిటాయన, పాపం ఎముకేదో కొరుకుతున్నారు, ఎంతసేపు కొరుకుతారో అనుకున్నాడట కదా, ఇతనూ అంతే, ఆమె పెదాలు కదులుతుంటే కమలాపండు నములుతోంది అనుకుంటాడేమో. అనుకోనీ. అతను మాత్రం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా చెయ్యెత్తి, పైన వేలాడే అద్దాన్ని ఇంత జరుపుతాడు. జుట్టు చూసుకోవడం అని మొదట అనుకుంది, అద్దం పిచ్చి అని కూడా ఆ చెవికే చెప్పింది. ఇవాళ వెనక కూర్చున్న పిన్నిని చూసుకుంటున్నాడు కాబోలు. అటునుంచి వంతెన మీద వచ్చే కార్లకి స్టీరింగు ఎడమ పక్కన ఉంది, ఆ దేశంలో అంతేనట, అంటే అక్కడి పెళ్ళాలందరూ మొగుళ్ళ కుడి చెవి పక్కన కూర్చుంటారు. పాపం అనిపించింది వాళ్ళని చూస్తే. ఒక్క మాట కూడా దాచుకునే చోటు లేదు.

మళ్ళీ ఒక మంచం పొడుగు, మళ్ళీ ఒకటి, వంతెన మీదికి వచ్చేశారు. మోత పెరిగింది, ఇప్పుడు కాళ్ళ కింద కూడా ఉంది. వెనక సీటులో తొక్కల చప్పుడు ఆగిపోయింది. చూస్తే అత్తయ్య తల కిటికీకి ఆనించి, కళ్ళు మూసుకుని, చేతిలో సగం ఒలిచిన పండుతో నిద్రపోతోంది. ఆ నిద్రపోయే మొహం చూసేసరికి, పొద్దున్నుంచి నవ్వుల అడుగున తొక్కిపెట్టి ఉంచింది పైకి తేలింది. సోమవారం. సోమవారం అతను ఆసుపత్రికి ఫోన్ చేసి అవునో కాదో చెప్పాలి. చెవి వెనక ఎముకలో చిన్న యంత్రం అమరుస్తారట, వినపడొచ్చట, మొదట్లో రేకుడబ్బాలో మాట్లాడినట్టు ఉంటుందట, తర్వాత అలవాటవుతుందట. కొందరికి కొన్నాళ్ళు తల తిరుగుతుంది అని కూడా చెవుల డాక్టరు అన్నాడు, వాన రావచ్చు అన్నట్టు తేలిగ్గా. తల తిరగడం! అతను నిలబడేది లిఫ్టు కప్పు మీద, చుట్టూ చీకటి గుంట, పైన తాళ్ళు. ఇన్నేళ్ళూ వద్దన్నవాడు పెళ్ళయ్యాక ఉన్నట్టుండి చేయించుకుంటానన్నాడు. ఎందుకంటే, "నీ మాటలు సగం పోతున్నాయి" అన్నాడు. ఆ మాటకి ఆమె గుండె ఎంత పొంగిందో అంత జారింది. వద్దని చెప్పాలంటే అత్తయ్య. పెళ్ళైన మర్నాడు ఇద్దరూ దుప్పట్లు మడతపెడుతుంటే, అటు కొస పట్టుకుని ఆవిడే చెప్పింది, "జ్వరం వచ్చింది రాత్రమ్మా, తెల్లారనీ తీసుకెళ్దాంలే అనుకున్నాను. తెల్లారేసరికి చెవి పోయింది" అని. దుప్పటి కొస తెచ్చి ఈమె చేతికిచ్చింది. ఆ తెల్లారడం కోసం ఆవిడ ఇన్నేళ్ళుగా చూస్తోంది. ఆపరేషన్ అని తెలిసిన రోజు ఫోనులో బంధువులందరికీ చెప్పుకుంది. నిన్నగాక మొన్న వచ్చిన కోడలు ఏ నోటితో వద్దంటుంది? అంటే, నీకెందుకమ్మా, నీకు రెండూ ఉన్నాయి అనరూ? అసలు తనకి వద్దా, అతనికి వద్దా? అతనికే కావాలంటే తను ఎవరు కాదనడానికి? అదే, అదే అడగాలి, కాని ఎదురుగా నిలబడి అడిగితే అతను ఆమె మొహంలో భయం చదివేస్తాడు, భయం చదివి 'నీకోసం' మానేస్తాడు, ఇప్పుడు 'నీకోసం' చేయించుకుంటున్నట్టే. అన్నీ నీకోసమే అయితే ఇక అతనికోసం ఏముంది?

నీలం వ్యాను కదిలి, వంతెన చివరనున్న గేటు ముందు ఆగింది. ఇంక వీళ్ళే. గాలి తిరిగి, జలపాతం తుంపర పొగలా వచ్చి ముందు అద్దం మీద వాలింది, చిన్న చిన్న చుక్కలు, ఒక్కో చుక్కలో ఒక్కో వంతెన తలకిందులుగా. ఆ చుక్కల్ని చూస్తూ ఆమె అతని ఎడమ చెవితో చెప్పడం మొదలుపెట్టింది. ఒరేయ్ పొట్టోడా, విను. అంటే వినకు. నాకు భయంగా ఉందిరా. నీకు తల తిరిగితే ఆ గుంటలో నేనెక్కడ పట్టుకోను? నీకే కావాలంటే చేయించుకో, పక్కనే కూర్చుంటాను, రేకుడబ్బాలో మాట్లాడినట్టుంటే రేకుడబ్బాలాగే మాట్లాడతాను. నాకోసం అయితే మాత్రం వద్దు. నాకు ఒక చెవి చాలు. ఆ రెండోది నేను మాటలు దాచుకునే గూడురా, దాన్ని ఎవరైనా కోస్తారా? ఇంకోటి కూడా చెప్తాను, మీ పిన్నిని మనతో రమ్మన్నది నేనే గాని, ఆవిడ రాత్రి పెట్టే గుర్రుకి హోటల్ పైకప్పు లేచిపోతుంది, మనిద్దరికీ వేరే గది చూడు.

అనేసి తేలిగ్గా ఊపిరి తీసుకుని తలెత్తింది. పైనున్న అద్దంలో రెండు కళ్ళు. చలవ కళ్ళజోడు లేని కళ్ళు, ప్రెస్సు పేరు చదివిన కళ్ళు, తడిగా, నవ్వుతూ, తిన్నగా ఆమెనే చూస్తున్నాయి. అద్దంలో మనకి ఎవరి కళ్ళు కనపడితే వాళ్ళకి మన కళ్ళూ కనపడతాయి, కళ్ళతో పాటు నోరూ కనపడుతుంది. ఇది ఆమె కాలేజీలో మొట్టమొదట చదువుకున్న పాఠం, బొమ్మ గీసి బాణాలు పెట్టి పదికి పది తెచ్చుకున్న పాఠం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందట. ఈ పిల్లి కళ్ళు తెరుచుకునే తాగింది.

"ఎప్పట్నుంచి?" అంది.

"పెళ్ళైన వారం నుంచి. ప్రతి సిగ్నల్ దగ్గరా."

"అన్నీనా!"

"ఎక్కడ అన్నీ? కారు ఆగినప్పుడు అన్నవే. కదిలితే రోడ్డు చూడాలి కదా, సగం సగమే తెలుసు. మొన్నొకసారి, 'ఒరేయ్ పొట్టోడా, నీ ముక్కు...' అన్నావు. అంతలో పచ్చలైటు పడింది. నా ముక్కుకి ఏమైందో ఇప్పటికీ తెలియదు."

"అడగొచ్చుగా!"

"అడిగితే మానేస్తావు. ఆ మిగతా సగాల కోసమే ఆపరేషన్ అనుకున్నాను." ఇప్పుడు అతను మొహమంతా ఇటు తిప్పాడు, మొదటిరోజు చీకటి గదిలో తిప్పినట్టు. "నాకోసం అయితే అక్కర్లేదు. మంచి చెవి దిండుకి ఆనించి పడుకుంటే ప్రపంచం ఆగిపోతుంది. నాకది ఇష్టం. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, పిన్ని బాధపడుతుందని."

"ముక్కు సంగతి నాకు తెలుసు" అంది వెనక నుంచి అత్తయ్య.

కారు కప్పు విరిగి పడినట్టు ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. చేతులు మాత్రం మిగతా సగం పండు ఒలుస్తున్నాయి. "ఆ రోజు కూరగాయలకని నన్నూ తీసుకెళ్ళారుగా, వెనక కునుకు తీస్తున్నాననుకున్నారు. ఆగినప్పుడన్నవీ విన్నాను, కదిలేటప్పుడన్నవీ విన్నాను. నా చెవులు రెండూ శుభ్రంగా ఉన్నాయమ్మా. గుర్రు కూడా శుభ్రంగానే ఉంటుందట కదా."

"అత్తయ్యా..." భూమి చీలి తనని మింగేస్తే బాగుండు అనుకుంది గాని, కింద భూమి లేదు, వంతెన ఉంది.

"ముక్కు సంగతి నేను చెప్పను, నీ పెళ్ళాన్నే అడుగు. ఇదిగో పొట్టోడా," ఇప్పుడు కళ్ళు తెరిచింది, "ఆ ఆపరేషన్ నీకు కావాలనుకున్నాను. నీకక్కర్లేదంటే మరి ఎవరికోసంరా? నాకోసమా? తల తిరిగే పని నాకోసం చేస్తావా? ఒకసారి తెల్లారనీ అన్నందుకు నేను పడుతున్నది చాలదూ."

"నాకు జ్వరం గుర్తులేదు పిన్నీ" అన్నాడు అతను, వెనక్కి తిరిగి. "నువ్వు రాత్రంతా తడిగుడ్డ మార్చడం గుర్తుంది. ఇన్నేళ్ళు మోశావు, ఇక దించెయ్, ఆ కమలాపండ్ల సంచీతో సహా. సోమవారం వద్దని చెప్పేస్తాను. ఎప్పుడైనా నాకే కావాలనిపిస్తే అప్పుడు చూద్దాం."

ఆవిడ చేతిలో ఉన్న ఆఖరి పండుని మూడు భాగాలు చేసింది, గింజలు తియ్యకుండానే ఇచ్చింది, అదొక్కటే తేడా. ముగ్గురూ నమిలారు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. "కదుపు, పండు తిన్నంత సేపు లేదు, అప్పుడే తొందర" అని ఆవిడ ముక్కు చీదుకుంది.

గేటు దగ్గర అధికారి వంగి లోపలికి చూశాడు, గాలి పీల్చాడు. "పళ్ళేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయి బాబూ, కడుపులో ఉన్నాయి. అవి కూడా దింపమంటావా?" అంది అత్తయ్య, ఖాళీ సంచీ దులిపి చూపిస్తూ. ఆయన నవ్వాపుకుంటూ గేటెత్తించాడు.

మలుపు తిరిగారు. జలపాతం. ఎవరూ చెప్పినట్టు లేదు, ఫోటోల్లో ఉన్నట్టు లేదు, కొండ అంచు మీద నది మొత్తం ఒక్కసారిగా నవ్వాపుకోలేక పడిపోతున్నట్టుంది, అది చూడగానే ఆమెకి అర్థమైంది, తనకి పట్టుకున్న జబ్బు దీనికీ ఉంది. కారు దిగి కమ్మీల దాకా పరిగెత్తారు, జుట్టు తడిసింది, రెప్పలు తడిశాయి, అత్తయ్య చీర అత్తయ్యని చుట్టుకుంది. మోతకి చెవులు చెవులు కాకుండా పోయాయి. ఆమె ఏదో అరిచింది, తన గొంతు తనకే వినపడలేదు. ఇక్కడ రెండు చెవులవాళ్ళూ ఒక చెవివాడూ ఒకటే. కాదు, ఒకటి కాదు, ఇక్కడ అతనొక్కడే వినగలడు. అతను ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, పెదాలు కదిపాడు. ఆమె కళ్ళు చిట్లించి చూసింది, తన షాపులో ముసలివాళ్ళు ఆఖరి వరస చదివినట్టు, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ. ము. క్కు. ముక్కు! నా ముక్కుకి ఏమైంది?

నవ్వీ నవ్వీ కమ్మీ పట్టుకుంది. అప్పుడు తలెత్తి, దాచుకునే చోటు ఎక్కడా లేకుండా, అతని కళ్ళలోకే చూస్తూ, శబ్దం లేకుండా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. ఒరేయ్ పొట్టోడా. నీ ముక్కు. మన పిల్లలకి. రావాలి.

అతను చదివాడు. చదివి, ఎర్రబడ్డాడు, తడిసిన మొహమంతా, మెడ దాకా, రెండు చెవులూ, పనిచేసేదీ చెయ్యనిదీ తేడా లేకుండా.

అత్తయ్య ఇద్దరి చేతులూ పట్టుకుని గుంజుతోంది. ఆవిడ ఏమంటోందో ఆమెకి వినపడలేదు, కాని పెదాలు చూస్తే తెలిసిపోయింది. ఇంత త్వరగా చదవడం వచ్చేస్తుందని ఆమె అనుకోలేదు.

"ఏవంటున్నారర్రా? నాకేం వినపడట్లేదు!"